లిస్ప్‌లో రెండు మాడ్యూళ్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే: విడగొట్టాలా, వదిలేయాలా?

చుట్టుగుంట_కోడ్:
మిర్చి యార్డు కమిషన్ కొట్టు లెక్కల ప్రోగ్రాం, కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. తూకం, పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) అని రెండు ప్యాకేజీలు (పేర్లను విడివిడిగా ఉంచే గుంపులు), రెండు ఫైళ్లు. పట్టీ వేయాలంటే లాటులో ఎన్ని టిక్కీలు (బస్తాలు), నికర బరువెంత అని తూకాన్ని అడగాలి. తూకం సరిదిద్దాలంటే ఆ లాటుకు పట్టీ అయిపోయిందా అని పట్టీని అడగాలి. ఫైళ్లను వరుసగా కంపైల్, లోడ్ చేసే ఏఎస్‌డీఎఫ్‌లో రెండింటికీ డిపెండ్స్-ఆన్ (ఇది దానిమీద ఆధారపడుతుందని) రాస్తే సర్క్యులర్ డిపెండెన్సీ అని ఆగిపోతోంది. ఒకవైపు తీసేస్తే, తూకం ఫైలు చదువుతుండగానే పట్టీ అనే ప్యాకేజీ లేదంటోంది. మీరైతే ఏం చేస్తారండి?

పటమట_పేరెన్:
డిజైన్ మార్చక్కర్లేదండి. ఆ రెండో ఎర్రర్ రీడర్‌ది, అంటే కోడ్‌ని చదివే భాగానిది. పట్టీ ప్యాకేజీ పేరుతో ఉన్న సింబల్‌ని (కోడ్‌లోని పేరుని) చదవాలంటే ఆ ప్యాకేజీ అప్పటికే ఉండాలి. ప్యాకేజీలను సృష్టించే రెండు డెఫ్‌ప్యాకేజ్‌లనూ ఒకే ఫైల్లో పెట్టి, ఏఎస్‌డీఎఫ్‌లో సీరియల్ టీ (ఫైళ్లు రాసిన వరుసలోనే వెళ్లేలా) ఇచ్చి, దాన్ని అన్నిటికంటే ముందు లోడ్ చేయండి. ఒకదాంట్లో ఒకటి యూజ్ (అవతలి పేర్లన్నీ తెచ్చుకోవడం) మాత్రం పెట్టొద్దు, మొదటి డెఫ్‌ప్యాకేజ్ దగ్గరే రెండోది లేదని ఆగుతుంది. కొన్ని పేర్లే తెచ్చుకునే ఇంపోర్ట్-ఫ్రమ్‌దీ అదే గతి. బయటివాళ్లు పిలిచే పేర్లను ఎక్స్‌పోర్ట్ చేసి, పిలిచేచోట ప్యాకేజీ పేరుతో సహా రాయండి.

ఫంక్షన్లంటారా, కాల్ నడిచేటప్పుడే సింబల్ ద్వారా వెతుక్కుంటాయి. కంపైల్ వేళకు లేకపోతే స్టైల్ వార్నింగే. ఏఎస్‌డీఎఫ్ మొత్తం బిల్డ్‌ని ఒకే కంపైలేషన్ యూనిట్‌గా చూస్తుంది కాబట్టి, చివరికల్లా డెఫినిషన్ దొరికితే ఎస్‌బీసీఎల్ (కామన్ లిస్ప్ కంపైలర్) అదీ చూపించదు.

అరండల్‌పేట_మాక్రో:
అది ఫంక్షన్ల వరకే నిజం. పట్టీ ఫైల్లో లాటుకు తాళం వేసే మాక్రో (కంపైల్ వేళే కోడ్‌ని వేరే కోడ్‌గా మార్చేది) ఒకటి ఉండి, తూకం దాన్ని వాడుకుంటే? ముందు కంపైలయ్యే తూకానికి అది మాక్రో అని తెలీదు, మామూలు ఫంక్షన్ కాల్ అనుకుంటుంది. మాక్రో బాడీగా రాసినదంతా ఆర్గ్యుమెంట్ అయిపోతుంది. ఎస్‌బీసీఎల్‌లో ఆర్గ్యుమెంట్లు ముందు నడుస్తాయి. అంటే తాళం పడకుండానే బరువు మారిపోయి, ఎర్రర్ ఆ తర్వాత వస్తుంది. రైతు డబ్బు విషయంలో ఇది చిన్న తప్పు కాదు. పైగా ఎడిటర్‌లో నడుస్తున్న పాత ఇమేజ్‌లో (ఇదివరకే లోడ్ చేసిన లిస్ప్‌లో) ఆ మాక్రో అప్పటికే ఉంటుంది, అక్కడ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సర్వర్‌లో కొత్తగా బిల్డ్ చేసిన రోజున బయటపడుతుంది.

అందుకే వలయాన్ని తెంచాలంటాను. ప్రోటోకాల్ అని మూడో ఫైలు పెట్టి, పట్టీ అయిందా అనే డెఫ్‌జెనెరిక్ (అసలు కోడ్ లేని ఫంక్షన్ ప్రకటన) అందులో రాయండి. తూకం దాన్నే పిలుస్తుంది. లాటు క్లాసు తూకంలో ఉంటుంది, దానిమీద డెఫ్‌మెథడ్ (ఆ ఫంక్షన్ అసలు కోడ్) పట్టీ రాస్తుంది. ఇక పట్టీయే తూకం మీద ఆధారపడుతుంది, తిరుగు బాణం ఉండదు.

బీసెంట్‌రోడ్_ఇమాక్స్:
ఏఎస్‌డీఎఫ్‌తో వచ్చే యుఐఓపీ లైబ్రరీలో, నడిచేటప్పుడే పేరు వెతికి పిలిచే సింబల్-కాల్‌తో ఒక్క లైన్లో అయిపోదా?

అరండల్‌పేట_మాక్రో:
అవుతుంది. కానీ పేరులో ఒక అక్షరం తప్పినా కంపైలర్ చెప్పదు, ఆ లైను నడిచినప్పుడే తెలుస్తుంది. ప్లగిన్లకు సరే, ఒకే ప్రోగ్రాంలోని రెండు ఫైళ్లకు వద్దు.

పటమట_పేరెన్:
మాక్రో సంగతి ఒప్పుకున్నాను. దాన్ని వేరే ఫైల్లోకి తీసి ముందు లోడ్ చేస్తే సరిపోతుందిగా. జెనెరిక్ పెట్టి ఏం లాభం? పట్టీ లోడ్ కాకపోతే అన్‌డిఫైన్డ్ ఫంక్షన్‌కి బదులు నో అప్లికబుల్ మెథడ్ వస్తుంది, అంతేగా.

అరండల్‌పేట_మాక్రో:
తూకాన్ని విడిగా టెస్ట్ చేయొచ్చు, టెస్ట్ ఫైల్లో చిన్న మెథడ్ రాసుకుంటే చాలు. అయితే ‘పట్టీ కాలేదు’ అని జవాబిచ్చే డిఫాల్ట్ మెథడ్ మాత్రం పెట్టకండి. పట్టీ ఫైలు లోడ్ కాని రోజున ప్రతి లాటూ సరిదిద్దుకోవచ్చని వస్తుంది. ఎర్రరే మేలు.

చుట్టుగుంట_కోడ్:
అయితే వరుస ఇలా పెడుతున్నాను: ప్యాకేజీలు, మాక్రోలు, ప్రోటోకాల్, తూకం, పట్టీ. డిఫాల్ట్ లేకుండా. మాక్రో లోపల వాడే సహాయక ఫంక్షన్లు కూడా మాక్రోల ఫైల్లోనే ఉండొచ్చా?

పటమట_పేరెన్:
ఉండొచ్చు. ఏఎస్‌డీఎఫ్ ఆ ఫైలుని లోడ్ చేశాకే తర్వాతి ఫైలు కంపైల్ చేస్తుంది. అదే ఫైల్లో ఆ మాక్రోని వాడితే మాత్రం సహాయక ఫంక్షన్ని ఈవల్-వెన్‌లో (కంపైల్ వేళకే సిద్ధంగా ఉండేలా) పెట్టాలి. బిల్డ్ పరీక్ష ఎప్పుడూ కొత్త ప్రాసెస్‌లో, ఫోర్స్ టీ (మీ ఫైళ్లన్నీ మళ్లీ కంపైలయ్యేలా) ఇచ్చి చేయండి.