చెరువులో జిలేబీ చేపలు (తిలాపియా) ఎక్కువైనాక బొచ్చెలు (కట్లా) ఎదగడంలేదు, ఇది తిండికోసం పోటీనేనా?

చెరువుకట్ట (అనంతపురం):
అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె, మా నాయన మత్స్యకారుల సొసైటీలో మెంబరు, నేను డిగ్రీ బీజెడ్‌సీ సెకండియర్ చదువుతాండా. మా చెరువులో ఏటా వానలు పడినాక సొసైటీవాళ్ళు బొచ్చె, రోహు, మృగాల్ పిల్లలు వదుల్తారు, ఎండాకాలం నీళ్ళు తగ్గినాక వల లాగుతారు. నా చిన్నప్పుడు బొచ్చె అంటే కిలోన్నర, రెండు కిలోలు తూగేది, తలకాయ ఒక్కటే మా ఇంట్లో ఒక పూట పులుసుకి వచ్చేది. ఇప్పుడు అదే నెలలో పడేవి ముప్పావు కిలో కూడా లేవు. వల లాగితే సగానికి పైన జిలేబీలే, అవి కూడా అరచేయి సైజు దాటవు, మార్కెట్‌లో ఎవరూ రేటు పెట్టరు.

పోయిన నెల నాయనతో పాటు పుట్టిలో (గుండ్రటి తెప్ప) పోయినా. వల పైకి తీస్తే ఒక ఆడ జిలేబీ నోరు తెరిచింది, నోట్లోంచి సన్నసన్న పిల్లలు బిలబిలమని పుట్టిలోనే రాలినాయి, ఒక్కొక్కదానికి కళ్ళు తప్ప ఇంకేం కనపడవు. నాయన చూసి "ఇంగ ఈ చెరువు వీటిదేలేరా" అన్నాడు. ఆ మాట అప్పటినుంచి నా మనసులోంచి పోవడంలేదు.

క్లాసులో గాస్ అనే శాస్త్రవేత్త సూత్రం చెప్పినారు, ఒకే తిండిమీద బతికే రెండు జాతులు ఒకచోట ఎక్కువకాలం కలిసి ఉండలేవు, ఒకటి పోతాది అని. మరి మా చెరువులో బొచ్చె పోలేదు కదా, చిన్నదైంది అంతే. ఊర్లో కొందరు సీడ్ (వదిలే చేపపిల్లలు) ఇచ్చినాయన మరీ చిన్నపిల్లలు ఇచ్చినాడని అంటారు, కొందరు నీళ్ళు పాడైనాయంటారు. ఇంకొకటి, మా తాత కాలంలో మూడు నాలుగేండ్లకొకసారి చెరువు పూర్తిగా ఎండిపోయేదంట, ఇప్పుడు హంద్రీనీవా కాలవ నీళ్ళు వదుల్తాండారు కాబట్టి ఎండాకాలంలో కూడా నడుం లోతు నీళ్ళుంటాయి. నీళ్ళుంటే చేపలు ఇంకా బాగుండాల కదా? తెలిసినవాళ్ళు చెప్పండి, సొసైటీ మీటింగులో నేను మాట్లాడాల.

జువాలజీ_మేడం (కర్నూలు):
బాబూ, మంచి ప్రశ్న అడిగినావు, కొంచెం పొడుగ్గానే చెప్తాను ఓపికగా చదువు. గాస్ 1934లో చేసిన ప్రయోగం సగమే చెప్తారు క్లాసుల్లో. పారమీసియం ఆరీలియా, పారమీసియం కాడేటం అనే రెండు ఒంటికణపు సూక్ష్మజీవుల్ని విడివిడిగా పెంచితే బాగా పెరిగి ఒక హద్దు దగ్గర ఆగినాయి, కలిపి పెంచితే కాడేటం పోయింది, ఇది అందరికీ తెలుసు. కానీ అదే కాడేటాన్ని పారమీసియం బర్సేరియాతో కలిపి పెడితే రెండూ మిగిలినాయి. ఎందుకంటే కాడేటం నీళ్ళలో తేలే బ్యాక్టీరియా తినింది, బర్సేరియా గొట్టం అడుగున చేరిన ఈస్ట్ తినింది. అయితే రెండూ ఒంటరిగా పెరిగినంత పెరగలేదు. నీ బొచ్చె చావకుండా చిక్కిపోయిందంటే ఈ రెండో కథ దగ్గరగా ఉంది.

మీ సొసైటీ మూడు రకాలు కలిపి వదలడంలో ఉన్న తెలివి కూడా ఇదే. బొచ్చె పైనీళ్ళలో జంతు ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్న పురుగుల్లాంటి జీవులు) తింటుంది, రోహు నడిమి నీళ్ళలో, మృగాల్ అడుగున కుళ్ళిన పదార్థం. ఒకదాని పళ్ళెంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. జిలేబీ అట్లా కాదు, పాచి, ప్లాంక్టన్, పురుగులు, అడుగు బురద ఏది దొరికితే అది తింటుంది, మూడు పళ్ళాల్లోనూ చెయ్యి పెడుతుంది. అందులోనూ జిలేబీ పిల్లలు జంతు ప్లాంక్టన్ ఎక్కువ తింటాయి, అంటే సరిగ్గా బొచ్చె తిండి. కాబట్టి వలలో పడిన అరచేతి సైజు జిలేబీలు లెక్కపెట్టి పోటీ ఇంతే అనుకోవద్దు, వల కన్నుల్లోంచి జారిపోయే వేలకొద్దీ పిల్లలే బొచ్చెకి అసలు పోటీ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. తల్లి బొచ్చె ఒక్కసారికి లక్షకి పైన గుడ్లు పెడుతుంది, జిలేబీ ఒక విడతకి కొన్ని వందలు. చూస్తే బొచ్చెనే గెలవాలి. కానీ బొచ్చె, రోహు, మృగాల్ వరద పారే నదిలో గుడ్లు పెట్టే చేపలు, మామూలుగా నిలవ నీళ్ళ చెరువులో పెట్టవు. అందుకే 1957 జూలై 10న ఒడిశా అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేపలకి పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించడం మన దేశానికి అంత పెద్ద విషయమైంది, ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం చేస్తారు. అంటే మీ చెరువులో బొచ్చెకి సంతానవృద్ధి రేటు సున్నా, మీరు వదిలినన్నే ఉంటాయి, రోజురోజుకీ తగ్గుతాయేగానీ పెరగవు. జిలేబీ రెండు మూడు నెలలకే ఈడుకొస్తుంది, మన ఎండలకి ఏడాదిలో ఎన్నోసార్లు పెడుతుంది, గుడ్లూ పిల్లలూ తల్లి నోట్లోనే భద్రం. ఇది ఆఫ్రికా చేప, మన దేశానికి 1952లో వచ్చింది, డెబ్బై ఏళ్ళల్లో మన చెరువులన్నీ ఎక్కేసింది.

పుట్టి_వల (కడప):
మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను చదువుకున్నోణ్ణి కాదు, ఇరవై ఏండ్లుగా చెరువులు గుత్తకి పట్టి చేపలు పడతాండా, నేను చూసింది చెప్తా తమ్ముడూ. నీళ్ళు తగ్గేటప్పుడు కట్టకి అవతల ఒడ్డంబడి నడిచి చూడు, బురదలో గుండ్రంగా తట్టలు బోర్లించి తీసినట్టు గుంతలుంటాయి, పక్కపక్కనే పదులకొద్దీ. అవి మగ జిలేబీలు తోకతో నోటితో తవ్వుకున్న గూళ్ళు. ఒక ఏడు ఎన్ని గుంతలుండాయో లెక్కపెట్టుకుంటే మళ్ళా ఏడు ఎట్లుంటాదో నీకే తెలిసిపోతాది.

నువ్వు చెరువు ఎండేది అన్నావే, అది శానా పెద్ద మాట. మా కాలంలో చెరువు ఎండి అడుగు నెర్రెలిస్తే రైతులొచ్చి ఒండ్రుమట్టి పొలాలకి తోలుకునేవాళ్ళు, జిలేబీ అనేది ఒక్కటి మిగిలేది కాదు. బొచ్చె కూడా పోతాది, కానీ బొచ్చె మళ్ళా సీడ్ లారీలో వస్తాది కదా. జిలేబీ పై కుంటల్లోంచి వంకనీళ్ళతో పది ఇరవై కొట్టుకొచ్చి మొదటినుంచి మొదలుపెట్టాల, అది గుంపు అయ్యేలోపల మన బొచ్చె రెండు కిలోలయ్యేది. ఇప్పుడు కాలవ నీళ్ళతో చెరువు ఎండడంలేదు, వానాకాలం నువ్వు వేలెడంత సీడ్ వదిలే పొద్దుటికే చెరువు నిండా పోయిన ఏటి జిలేబీలు కూర్చోనుండాయి. నీళ్ళొద్దు అని నేననడంలేదు, ఆ నీళ్ళకోసం మన సీమలో ఎంత ఏడ్చినామో నాకు తెలుసు, బోర్లు ఎండి ఊర్లకి ఊర్లే వలసపోయినాయి. నీళ్ళొచ్చినాక చెరువు పద్ధతి మారింది, మనం సీడ్ వదిలే పద్ధతి మాత్రం మారలేదు.

రెండోది కొర్రమీను. ముందు ప్రతి చెరువులో కొర్రమీను ఉండేది, జిలేబీ పిల్లల్ని దండిగా తినేది. గాలి పీల్చే చేప, బురదలో తడి ఉంటే శానా రోజులు తట్టుకుంటాది. ఇప్పుడు దానికున్న రేటుకి ఎవరూ వదలడంలేదు. వానలు మొదలైనాక నీళ్ళమీద ఎర్రటి పిల్లల ముద్ద తిరుగుతాంటాది, కిందనే తల్లీ తండ్రీ కాపలా. ఆ ముద్దలో గాలం వేస్తే తల్లి వచ్చి కొడతాది, శానా సులువు. తల్లిని తీసేస్తే ఆ ముద్ద మొత్తం గంటలో పరకలపాలు, కొంగలపాలు. నేనూ పట్టినా ముందు, ఇప్పుడు మానేసినా.

నంద్యాల_నీళ్ళు:
అందరూ జిలేబీనే దోషి అని తేల్చేశారు, నాకు మాత్రం ఒక చిన్న అభ్యంతరం ఉంది. రెండు జాతులు ఒకేచోట ఉండి ఒకటి ఎక్కువై ఇంకొకటి తగ్గితే అది పోటీ అని ఎట్లా అంటారు? నీళ్ళు మురికై ప్లాంక్టన్ తగ్గి ఉండొచ్చు, జిలేబీ ఆ నీళ్ళని తట్టుకుంది, బొచ్చె తట్టుకోలేదు, అప్పుడు జిలేబీలన్నీ తీసేసినా బొచ్చె పెరగదు. ముందు రెండు లెక్కలు విడదీయాలి. వదిలిన సీడ్‌లో ఎన్ని దొరికినాయి అనేది ఒకటి, దొరికినవి ఎంత తూగినాయి అనేది ఇంకొకటి. వదిలినవాటిలో మంచి భాగం దొరికి సైజు మాత్రమే తగ్గితే తిండి చాలక అనుకోవచ్చు. సైజు బాగుండి కౌంటు పడిపోతే చిన్న సీడ్‌ని కొర్రమీనో నీటికాకులో తినేసినట్టు, అప్పుడు సీడ్ ఇచ్చినాయన మీద అనుమానం న్యాయమే.

1961లో కానెల్ అనే ఆయన స్కాట్లాండ్ సముద్రపొడ్డున రాళ్ళకి అతుక్కునే రెండు రకాల బార్నకిల్స్ (చిన్న గుల్ల జీవులు) మీద చేసిన పని చూడండి. ఒకటి రాయి పైభాగంలో, ఇంకొకటి కింద ఉండేవి. పైదానికి కింద బతకడం చేతకాదు అనుకోవచ్చు. ఆయన కింది రకాన్ని గీకేసి చూశాడు, పై రకం కింద కూడా చక్కగా బతికింది. అంటే అడ్డం పోటీనే. చేత్తో తీసి చూస్తేగానీ తేలలేదు. మీ జిల్లాలో పొలానికొక నీటికుంట ఉంది కదా, అక్కడ చేసి చూడు తమ్ముడూ. ఒకే సైజు కుంటల్లో ఒకటి ఉత్త బొచ్చె, రెండోది అంతే బొచ్చెతో పాటు జిలేబీ, మూడోది జిలేబీ బదులు అంతే బరువు బొచ్చె ఎక్కువగా. ఈ మూడోదాన్ని మర్చిపోవద్దు, రెండోదాంట్లో బొచ్చె తగ్గితే అది జిలేబీవల్లా లేక ఊరికే గుంపు ఎక్కువైనందువల్లా అని తేలేది దాంతోనే.

జువాలజీ_మేడం (కర్నూలు):
నంద్యాలవారు చెప్పింది చాలా కరెక్టు, నేను తొందరపడి తేల్చినట్టు రాసినాను, సరిదిద్దినందుకు థాంక్స్. ఆ మూడో కుంటనే రెండు జాతుల పోటీని లెక్కకట్టే లోట్కా, వోల్టెరా సమీకరణాల ప్రాణం బాబూ. పరీక్షకి ఆల్ఫా అని బట్టీ పడతారు, అర్థం ఇంతే, బొచ్చె తిండి దగ్గర ఒక జిలేబీ ఎన్ని బొచ్చెలకి సమానం అని. ఉదాహరణకి ఒక జిలేబీ అర బొచ్చె అంత తింటే ఆల్ఫా అర. ప్రతి జాతీ ఎదుటిదానికంటే తన జాతినే ఎక్కువ ఇబ్బంది పెట్టుకుంటే రెండూ కలిసి బతుకుతాయి. చెరువు నిండితే జిలేబీలు తమలో తామే గిడసబారిపోతాయి, అరచేతి సైజు దాటకుండానే గుడ్లకొస్తాయి, మీ వలలో కనపడేది అదే. కానీ బొచ్చెకి పుట్టుక లేదు కాబట్టి ఈ సమీకరణం మీ చెరువుకి ఉన్నదున్నట్టు వర్తించదు, బొచ్చె వైపు ఎదుగుదల బరువులో చూడాలి, సంఖ్యలో కాదు.

కడప అన్న కొర్రమీను సంగతి చదివినాక నాకు ఒళ్ళు పులకరించింది. ఇటలీ గణితవేత్త వోల్టెరా ఈ లెక్కల్లోకి దిగిందే చేపలవల్ల. ఆయనకి అల్లుడైన డాంకోనా అనే జీవశాస్త్రవేత్త ఆడ్రియాటిక్ సముద్రపు చేపల మార్కెట్ లెక్కలు తీసి చూస్తే, మొదటి ప్రపంచయుద్ధంలో వేట తగ్గిన ఏళ్ళలో ఇంకో చేపని తినే చేపల వాటా పెరిగి ఉంది. ఎందుకని మామని అడిగినాడు. 1926లో వోల్టెరా ఇచ్చిన జవాబు, రెండింటినీ సమానంగా వేటాడితే తినే చేప తగ్గి తినబడే చేప పెరుగుతుంది, వేట ఆపితే తిరగబడుతుంది అని. మీ చెరువులో అయితే సమానంగా కూడా పట్టడంలేదు, రేటున్న కొర్రమీనునే ఏరి పడుతున్నారు, రేటు లేని జిలేబీని నీళ్ళలో వదిలేస్తున్నారు. జిలేబీకి ఇంతకంటే మేలు ఎవరు చేస్తారు?

చెరువుకట్ట (అనంతపురం):
అందరికీ శానా థాంక్స్, రాత్రంతా చదువుతానే ఉన్నా. పొద్దున సొసైటీ తూకం పుస్తకం తీయించి చూసినా. వదిలిన సీడ్‌లో ఎన్ని పడినాయో సరిగ్గా రాసిపెట్టలేదు, కిలోలే ఉండాయి, అందుకని మా నాయన్నీ ఇంకో ఇద్దర్నీ కూర్చోబెట్టి బుట్టల లెక్కన అడిగినా. బొచ్చె కౌంటు పెద్దగా తగ్గలేదంట, సైజే తగ్గిందంట. ఈసారి వల లాగేటప్పుడు నేనే పక్కనుండి కౌంటు రాస్తా.

మా చిన్నాయన పొలంలో ఒకటి, పక్క రైతులవి రెండు, మూడు నీటికుంటలు దొరికినాయి, మూడింటికీ ఒకే బోరు నీళ్ళు. మా సార్ ప్లాంక్టన్ వల ఇస్తానన్నాడు. ఒక డౌటు, జిలేబీ లేని కుంటల్లోకి అది రాకుండా ఎట్లా ఆపాల? కాలవ నీళ్ళు పెడితే గుడ్డు, పిల్ల వచ్చేస్తాయి కదా.

పుట్టి_వల (కడప):
కాలవ నీళ్ళు అస్సలు పెట్టొద్దు, బోరు నీళ్ళే పెట్టు. ముందు కుంట పూర్తిగా ఎండబెట్టు, అడుగున చెంబెడు నీళ్ళు మిగిలినా అందులో రెండుంటాయి. సీడ్ తెచ్చినాక కూడా తెల్ల టబ్‌లో పోసి ఒక్కొక్కటి చూసుకో, సీడ్‌లో కలిసొచ్చే జిలేబీలే ఎక్కువ. వీపు రెక్క ముందు భాగం ముళ్ళు ముళ్ళుగా ఉంటే అది జిలేబీ, బొచ్చెకి మెత్తగా ఉంటాది. పిల్లలు వేలంత కాకుండా జానెడు దగ్గర పడినవి తీసుకో, డబ్బు ఎక్కువైనా సరే, నీటికాకులు వదుల్తాయి.

నంద్యాల_నీళ్ళు:
నెలకొకసారి ఒకే తేదీన, పొద్దున్నే, కుంటకి ఇరవై బొచ్చెలు విసురువలతో పట్టి నీళ్ళ బకెట్‌లోనే తూచి వదిలెయ్యి. అదే రోజు యాభై లీటర్ల నీళ్ళు ప్లాంక్టన్ వలలో పోసి గొట్టంలో ఎంత దిగిందో మిల్లీలీటర్లలో రాసుకో. జిలేబీ కుంటలో ప్లాంక్టన్ తగ్గుతూ బొచ్చె బరువు ఆగిపోతే అప్పుడు తిండి పోటీ అని మీటింగులో ధైర్యంగా చెప్పొచ్చు. మూడు కుంటలు తక్కువే, వీలైతే వచ్చే ఏడు కుంటలు మార్చి మళ్ళీ చెయ్యి.

చెరువుకట్ట (అనంతపురం):
సరేనన్నా, అట్లే చేస్తా. మీటింగులో కొర్రమీను మాట కూడా ఎత్తినా, పిల్లల ముద్దమీద గాలం వెయ్యకూడదని. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు, మా నాయన మాత్రం లేచి నిలబడి ఈ వానాకాలం నేను వెయ్యను అన్నాడు. కుంటల్లో సీడ్ పడినాక మొదటి తూకం ఇక్కడే పెడతా.