అరవలేదంటే ఒప్పుకున్నట్టేనా?

గాజువాక బాబు:
నిన్న జగదాంబ దగ్గర టీ కొట్లో పేపర్లో ఒక అత్యాచారం వార్త చదువుతూ ఒకాయన అన్నాడు, "అంత జరుగుతుంటే అరవదా? పక్కింటికి వినపడదా?" ఎవరూ నోరెత్తలేదు. నేనూ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నా. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు అన్నదీ ఇదే. మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయి, పోలీస్ స్టేషన్లో. ఒంటి మీద గాయాల్లేవు, కేకలు వేశానన్నది అబద్ధం అంటూ ఇద్దరు పోలీసులనూ వదిలేశారు. మరి ఈ మాట కోర్టు నుంచి టీ కొట్టుకి వచ్చిందా, టీ కొట్టు నుంచి కోర్టుకెళ్లిందా?

ఎంవీపీ వకీలు:
బాబూ, అది పాత కథ. ఆ తీర్పు మీద గొడవయ్యే 1983లో చట్టం మార్చారు. ఎదురు తిరగనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013 నుంచి చట్టంలోనే ఉంది. అత్యాచార బాధితురాలికి డాక్టర్లు చేసే రెండు వేళ్ల పరీక్ష, అదే యోనిలో వేళ్లు పెట్టి చూసేది, ఎవరు చేసినా దుష్ప్రవర్తన కిందే లెక్క అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకేం కావాలి? సాక్ష్యం లేకుండా శిక్ష వేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. రేపు మన తమ్ముడే బోనులో ఉండొచ్చు.

పాడేరు ఘాట్‌రోడ్:
తమ్ముడే ఎందుకు గుర్తొచ్చాడు వకీలు గారూ? సాక్షి బోను కూడా ఒకటుంటుంది, అందులో చెల్లెలు నిలబడొచ్చు.

డిగ్రీకి విశాఖ పంపేటప్పుడు మా అమ్మమ్మ నాకు చెప్పింది, "ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే" అని. ప్రేమతోనే చెప్పింది. ముల్లు సంగతి మా తమ్ముడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. "మానభంగం" అంటారు, పోయింది ఆమె మానమట! ఇవి వింటూ పెరిగినవాళ్లే కదా ఎస్సైలు, డాక్టర్లు, జడ్జిలు. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక లైంగిక దాడి కేసులో బెయిలిస్తూ, ఆ బాధితురాలితోనే రాఖీ కట్టించుకోమంది. 2021లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది.

మన ఏజెన్సీలోని వాకపల్లి చూడండి. 2007 ఆగస్టులో 11 మంది ఆదివాసీ మహిళలు, గ్రేహౌండ్స్ (మావోయిస్టుల వేట కోసం పెట్టిన ప్రత్యేక దళం) పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్లో. దర్యాప్తు సరిగా జరగలేదని తనే చెప్పి, కేసు కొట్టేసి, పరిహారం ఇమ్మంది.

ఎంవీపీ వకీలు:
రాఖీ మీద వాదించను, సిగ్గుచేటు. వాకపల్లిలో జడ్జి ఏం చేస్తారు? ఫైల్లో లేనిది తీర్పులోకి రాదు.

పాడేరు ఘాట్‌రోడ్:
ఫైల్లోకి ఎందుకు రాలేదన్నదే నేనడిగేది సార్.

గాజువాక బాబు:
రేపు మళ్లీ ఆ కొట్టుకే వెళ్తా. ఆయనకి ఏం చెప్పాలో ఒక్క ముక్కలో చెప్పండి, చాంతాడంత వద్దు.

పాడేరు ఘాట్‌రోడ్:
పోలీస్ స్టేషన్లో అరిస్తే ఎవరొస్తారో అడుగు తమ్ముడూ.