తుపాకులున్నా సరిపోని స్థితికి తెలుగులో మాట కావాలి

1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో జరిగిన బ్యాంకు దోపిడీ మీద వ్యాసం రాస్తున్నాను. శీర్షిక దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

దొంగలు ఇద్దరే. ఒంటినిండా కవచాలు, చేతుల్లో ఎడతెగకుండా పేలే రైఫిళ్లు. మొదట చేరుకున్న పోలీసుల దగ్గర ఉన్నవి పిస్తోళ్లు, షాట్‌గన్లు. వాళ్ల గుండ్లు తగులుతున్నాయి గానీ కవచం దాటడం లేదు. కాల్పులు సుమారు 44 నిమిషాలు సాగాయి. మధ్యలో కొందరు పోలీసులు దగ్గర్లోని తుపాకుల దుకాణానికి వెళ్లి రైఫిళ్లు అడిగి తెచ్చుకున్నారు! ఈ ఒక్క దృశ్యం చాలు, శీర్షిక దానంతటదే రావాలి. రావడం లేదు.

‘నిరాయుధులు’ అంటే అబద్ధం. ‘బలహీనులు’ అంటే అవమానం, వాళ్లు వెనకడుగు వేయలేదు. ‘ఆయుధబలంలో వెనుకబడిన’ అర్థానికి సరిపోతుంది, కానీ ప్రభుత్వ నివేదికలా ఉంది. ‘ఫిరంగి ముందు కత్తి’ మరీ అతిశయం. పైగా నాకున్నది మూడు మాటల చోటే.

చేతిలో ఆయుధం ఉండి కూడా ఎదుటివాడి ఆయుధం ముందు అది సరిపోని స్థితికి, పత్రికల్లో గానీ వాడుకలో గానీ మీరు చూసిన తెలుగు మాట ఏమిటి?