రేకుల ఇల్లు, మూడు గంటల హెచ్చరిక: గాలివాన ముందు ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి వీధి:
"మరో మూడు గంటల్లో ఉరుములు, మెరుపులు, గంటకు 50-60 కిలోమీటర్ల ఈదురుగాలి" అని ఫోనుకి మెసేజ్ వస్తోంది. ఓసారి ఒడియాలో, ఓసారి తెలుగులో. రేకుల ఇంట్లో ఉండేవాళ్లు ఈలోపు ఏం చూసుకోవాలి?

రాయగడ మబ్బు:
ఫోనులో మోగే హెచ్చరికల్లో కొన్ని మీ చిరునామా చూసి రావండీ, ఫోను పట్టుకున్న టవర్‌ని బట్టి వస్తాయి. టవర్ ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకి ఏ వైపుదైతే ఆ వైపు భాషే. రాయగడ, గజపతి జిల్లాలకు భువనేశ్వర్ వాతావరణ కేంద్రం, శ్రీకాకుళం, మన్యం జిల్లాలకు అమరావతి కేంద్రం చెప్తాయి. కాలవైశాఖి (ఎండాకాలపు గాలివాన) గాలులు ఎక్కువగా వాయవ్యం నుంచి దిగుతాయి. కాబట్టి పర్లాకిమిడి వాళ్లు రాయగడ హెచ్చరిక రంగు (పసుపు, నారింజ, ఎరుపు), గుణుపురం వాళ్లు కలహండి రంగు చూసుకుంటే కొంత ముందే తెలుస్తుంది.

రంగుతో పాటు గాలి అంకె కూడా చూడండి. గంటకు 41-61 కిలోమీటర్లయితే మధ్యస్థం, 62-87 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు.

గుణుపురం రేకుల మేస్త్రి:
ఆ నాలుగింతలు రేకు మీద ఎలా పడతాయో చెప్తాను. 60 గాలికి చదరపు మీటరుకి సుమారు 17 కిలోలు, 80 గాలికి 31. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకుని 80 గాలి వంద కిలోల బలంతో పైకి లాగుతుంది. చూరు దగ్గర, మూలల్లో ఇంకా ఎక్కువ. ఇరవై కిలోల బండరాయి పెట్టి నిద్రపోతే అది రేకుని ఆపదు సరికదా, జారి మన నెత్తినే పడుతుంది.

పని మార్చి లోపే అయిపోవాలి. జె-బోల్టు (రేకుని కింది అడ్డపైపుకి పట్టి ఉంచే కొక్కెం బోల్టు) కింద తారు వాషరు ఎండకి పగిలిందా, నట్టు వదులైందా చూడండి. చూరు వరుసలో ఒక మడత విడిచి ఒక మడతకి బోల్టు ఉండాలి, అదీ మడత ఎత్తు మీదే. పల్లంలో కన్నం పెడితే నీళ్లు దిగుతాయి. సిమెంటు రేకుకి మరీ బిగించకండి, చిట్లుతుంది. అసలు తప్పు వేరే చోట: అడ్డపైపుని గోడకి ఇనుప పట్టీతో కట్టరు. అప్పుడు బోల్టులు ఎంత గట్టివైనా పైపుతో సహా కప్పు లేచిపోతుంది.

జీడితోట:
కిటికీలన్నీ తెరిస్తే లోపలా బయటా ఒత్తిడి సమానమై కప్పు నిలుస్తుందంటారు కదా అన్నా?

గుణుపురం రేకుల మేస్త్రి:
అది వినకు తమ్ముడూ. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరిస్తే లోపలికి దూరిన గాలి రేకుని కిందినుంచి నెడుతుంది, బయట గాలి పైనుంచి లాగుతుంది. రెండూ కలుస్తాయి. ఎదురుగాలి వైపు తలుపు ముందు మూసి గడియ వెయ్యి. స్లాబు గది ఏదైనా దగ్గర్లో ఉంటే గాలి రాకముందే అందులోకి పోవడమే మేలు.

కరెంటు స్తంభం:
స్విచ్ ఆపితే చాలదు. టీవీ, ఫ్రిజ్, డిష్ తీగ ప్లగ్గులు పీకేసి, బోరు మోటారుకి మెయిన్ ఆపెయ్యండి, ఇదంతా ఉరుము వినపడకముందే. తీగ తెగి పడితే కరెంటు లేదనుకోవద్దు, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు (కరెంటు ఆపే పెద్ద స్విచ్) తనంతట తానే మళ్లీ ఆన్ అవ్వొచ్చు. కనీసం పది మీటర్లు దూరం ఉండి 1912కి చెప్పండి. మీరున్న కారు మీద తీగ పడితే దిగకండి.

రాయగడ మబ్బు:
పిడుగు సంగతి. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై లోపు వచ్చిందంటే పది కిలోమీటర్ల లోపే, వెంటనే లోపలికి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట బయటికి రావద్దు. దామినీ యాప్ కూడా 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు చూపిస్తుంది. పశువుల్ని ఒంటరి చింతచెట్టు కింద కట్టకండి. పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోను.

జీడితోట:
వాన తగ్గాక ఊడిన రేకు సరిచేయడానికి పైకి ఎక్కొచ్చా?

గుణుపురం రేకుల మేస్త్రి:
తడి ఆరేదాకా వద్దు. ఎక్కినా రేకు మీద నేరుగా కాలు పెట్టకు, చెక్క పలక వేసుకో. బోల్టుల వరుస ఎక్కడుందో చూసి దాని మీదే నడువు, కింద పైపు ఉండేది అక్కడే.