అప్‌డేట్: కోర్సు పూర్తిచేసినా 'ఇన్‌కంప్లీట్' అని చూపించే సమస్య తీరింది

మా ఆఫీసు ట్రైనింగ్ పోర్టల్‌లో సేఫ్టీ కోర్సు చివరిదాకా చేసినా 'ఇన్‌కంప్లీట్' అనే వస్తోందని అడిగాను కదా, కారణం దొరికింది. లాగ్ తీసి చూడమన్న అన్నకి చాలా థాంక్స్.

కోర్సు స్కార్మ్ 1.2లో ఉంది. స్కార్మ్ అంటే ఆన్‌లైన్ కోర్సు, పోర్టల్ ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే ప్రామాణిక పద్ధతి; 1.2 దాని పాత వెర్షన్. ఎక్కడిదాకా చదివామో, ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చామో దాచుకునే సస్పెండ్ డేటాకు అందులో 4,096 అక్షరాలే హద్దు. మాది క్విజ్‌లు ఎక్కువున్న కోర్సు. చివరికొచ్చేసరికి హద్దు దాటిపోయి సేవ్ ఆగిపోతోంది. బ్రౌజర్ మార్చినా ఫలితం లేకపోయింది అందుకే. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో మళ్లీ పబ్లిష్ చేయించారు. అందులో 64,000 దాకా పడుతుంది. ఇప్పుడు పచ్చ టిక్ వస్తోంది.

షిఫ్ట్ దిగాక కూర్చుని కోర్సు చేసినవాళ్ల పేర్లు అప్రైజల్‌లో ఎర్రగా కనబడటం మాత్రం అన్యాయం. పాత రికార్డులు కూడా సరిచేయమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రావాలి.