తసమదీయులా, తస్మదీయులా?

పేపర్లో పదవుల పంపకం వార్త వచ్చిందంటే చాలు, అస్మదీయులు తస్మదీయులు అని జంటగా రాసేస్తారు, గమనించారా? ఆ రెండో మాట చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది సంస్కృతంలో ఎప్పట్నించో ఉన్న మాటే అనుకునేవాళ్ళు బోలెడుమంది, మొన్న మా ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల కూడా అలాగే అనుకుంది. కాదండీ. 1957లో మాయాబజార్ కోసం పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన మాట అది, అదీ తస్మదీయులు కాదు, తసమదీయులు.

సీను గుర్తుందిగా, రమణారెడ్డి గారి చిన్నమయ్య శిష్యులకి మాట పలకడం నేర్పుతుంటాడు, వాళ్ళకేమో ఒత్తులు నోరు తిరగవు, దుష్టచతుష్టయం కాస్తా దుసటచతుసటయం, అస్మదీయులు కాస్తా అసమదీయులు అయిపోతాయి. మరి మనవాళ్ళు అసమదీయులైతే శత్రువులెవరు? తసమదీయులు! ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు మురిసిపోయి, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని వీరతాడు వేయిస్తాడు. ఇప్పటికీ ఎవరైనా మంచి మాట అంటే "వెయ్యండి వీరతాడు" అంటున్నామంటే అక్కడి నుంచే.

ఇంతకీ నా బాధేంటంటే, అస్మద్ అంటే మేము, దానికి ఈయ చేరి అస్మదీయ, అంటే మాది. దీనికి ఎదురుమాట కావాలంటే సంస్కృతంలో యుష్మదీయ ఉంది మీది అనడానికి, తదీయ ఉంది వాళ్ళది అనడానికి. తస్మద్ అనే సర్వనామమే లేదు. అసమదీయుల్ని అస్మదీయులుగా దిద్దితే సరే, తసమదీయులకి ఒత్తు పెడితే మాత్రం అసలు లేని మాటని దిద్దినట్టు, పైగా అందులో ఉన్న నవ్వు కూడా పోయింది. ఆ శిష్యుల నోరు తప్పని నవ్వుకుంటాం గానీ మన తెలుగు చేసిందీ అదే కదా, శ్రీని సిరి చేసింది, రత్నాన్ని రతనం చేసింది, యత్నాన్ని జతనం చేసింది, జంటహల్లు మధ్యలో ఒక అచ్చు దూర్చి. పింగళి గారి చెవికి ఇదంతా తెలుసు, అందుకే ఆ తప్పులు కూడా తెలుగులాగే వినిపిస్తాయి.

జవాబు: బావుందండీ, కానీ తస్మాత్ జాగ్రత్త అంటాం కదా, ఆ తస్మాత్ నుంచి తస్మదీయ రాకూడదా?

జవాబు: మంచి అనుమానమే అండీ, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. తస్మాత్ అంటే అందువల్ల అని, తద్ శబ్దానికి పంచమీ విభక్తిలో వచ్చే రూపం. ఈయ చేరేది మూలశబ్దానికి, విభక్తి పట్టిన రూపానికి కాదు, అందుకే తదీయ అవుతుంది. చెవికి మాత్రం తస్మాత్ గుర్తొచ్చి, ఉన్న మాటేనేమో అనిపిస్తుంది, అదే దాని బలం.

జవాబు: అన్నా, నాకైతే అదే సినిమాల గింబళి ఇంకా మస్తు అనిపిస్తది. కంబళి గింబళి, తల్పం గిల్పం. మనం రోజూ చాయ్ గీయ్, బస్సు గిస్సు అంటనే ఉంటం, ఆ గిస్సు అంటే ఏంది అని ఎవ్వరం అడగం. పింగళి గారు ఒక్కరే అడిగినట్టున్నరు, కంబళి ఒక వస్తువైతే గింబళి కూడా ఒక వస్తువే కావాలె కదా అని. ఆ మాయ గింబళిని తీస్కొచ్చి మగపెళ్ళోళ్ళ కాళ్ళ కింద పరిచిండు. ఇసొంటి ఆలోచన ఇంకెవ్వరికి రాలె.

జవాబు: ఎంత బాగా చెప్పారు తమ్ముడూ, ఇన్నిసార్లు సినిమా చూసి నేను అంత దూరం ఆలోచించలేదు. రూలు కూడా చూడండి, మొదటి అక్షరం పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ, పులి గిలి, పాలు గీలు. అరువు మాటలకీ అంతే, సినిమా గినిమా. ఎవరూ బళ్ళో నేర్పలేదు, నాలుగేళ్ళ పిల్లలు కూడా తప్పు లేకుండా అంటారు.

జవాబు: మరి గిన్నెకో?

జవాబు: అక్కడ పనిచెయ్యదండీ, గిన్నె గిన్నె అయిపోతుంది! మా అమ్మ అయితే గిన్నెలూ తపేలాలూ అనేది. మీ ఇళ్ళల్లో ఏమంటారో రాయండి, గిన్నెకే కాదు, గిలకకీ గిత్తకీ కూడా. ఇంకో మాట, పేపర్లో డెస్క్‌లో పనిచేసేవాళ్ళు ఈ గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలుసు, మీకు దణ్ణం పెడతా, ఈసారి ఆ మాట వచ్చినప్పుడు స కింద మ ఒత్తు తీసేసి, మ ని పక్కన విడిగా రాయండి.