రోము తొలి రాజులు: నేలలో దొరికిన ఆధారం ఎంత?

ప్రశ్న:
క్రీ.పూ. 753 నుంచి 509 దాకా రోములస్ మొదలుకొని ఏడుగురు రాజులు రోమును ఏలారంటారు. వీళ్లలో ఎవరి పేరైనా ఆ కాలపు శాసనంలో ఉందా? పాలటైన్ కొండ దగ్గర పాత గోడ బయటపడింది కాబట్టి రోములస్ నిజమేనని వాదించేవారున్నారు. ఆ వాదన నిలుస్తుందా?

జవాబు 1:
ఏడుగురిలో ఒక్కరి పేరూ సమకాలీన శాసనంలో లేదండీ. 'రాజు' అన్న మాట మాత్రం ఉంది. 1899లో జాకొమో బోని రోము ఫోరంలో (నగరం నడిబొడ్డున ఉన్న సభాస్థలంలో) నల్లరాతి పరుపు కింద తవ్వితే, క్రీ.పూ. 6వ శతాబ్దపు విరిగిన రాతి స్తంభం దొరికింది. దాని మీద 'రెకెయ్', అంటే 'రాజుకు' అని ఉంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. రాజరికం పోయాక కూడా రోమన్లు 'రెక్స్ సాక్రోరుం' అనే పూజారి పదవిని ఉంచుకున్నారు; 'రెక్స్' అంటే రాజనే అర్థం, కాబట్టి రాతి మీది మాట ఆ పూజారి గురించీ కావచ్చు. అందుకే రాయి కాలం కీలకం. 509కి ముందుదైతే అది అసలు రాజు గురించే కావచ్చు.

జవాబు 2:
పాలటైన్ గోడ క్రీ.పూ. 8వ శతాబ్దంలో అక్కడ జనం ఉన్నారని చెబుతుంది, కట్టించిందెవరో చెప్పదు. పేర్లను బట్టి కూడా మోసపోవద్దు. ఆరో రాజు సెర్వియస్ తుల్లియస్ పేరుతో ఇప్పుడు కనిపించే 'సెర్వియస్ గోడ'లో ఎక్కువ భాగం, రోముకు దగ్గరలోని ఎట్రుస్కన్ నగరం వేయీ ప్రాంతపు టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన) రాయి. వేయీ రోము చేతికి చిక్కింది 396లో. అంటే ఆ గోడ సెర్వియస్ తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి లేచింది. లెక్క కూడా చూడండి: 244 ఏళ్లకు ఏడుగురంటే తలా దాదాపు 35 ఏళ్లు. ఇద్దరు హత్యకు గురై, ఒకరిని తరిమేసిన వరుసకు ఇది మరీ ఎక్కువ. తొలి రోమన్ చరిత్రకారుడు ఫాబియస్ పిక్టర్ రాసింది క్రీ.పూ. 200 ప్రాంతంలో, కాబట్టి ఈ లెక్కలన్నీ తర్వాత సర్దినవే అనిపిస్తుంది.

జవాబు 3:
చివరి ముగ్గురి (ఇద్దరు టార్క్విన్‌లు, వాళ్ల మధ్య సెర్వియస్ తుల్లియస్) విషయం వేరు, అసలు ఆసక్తి అక్కడే. రోముకు ఉత్తరాన ఉండిన ఎట్రుస్కన్ జనుల నగరం వుల్చిలో 1857లో బయటపడిన ఫ్రాన్స్వా సమాధి కుడ్యచిత్రాల్లో 'రోముకు చెందిన నేయస్ టార్క్విన్' అని ఎట్రుస్కన్ లిపిలో పేరున్న మనిషిని ఒకడు చంపుతుంటాడు. పక్కనే మస్తర్న అనేవాడు కేలియస్ విబెన్నా అనే ఎట్రుస్కన్ వీరుడి కట్లు విప్పుతుంటాడు. ఈ మస్తర్నే సెర్వియస్ తుల్లియస్ అని ఎట్రుస్కన్లు చెబుతారని క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 48లో సెనేట్‌లో అన్నాడు. లియోన్‌లో దొరికిన కంచు ఫలకం మీద ఆ ప్రసంగం ఉంది. కానీ రోమన్ కథల్లో టార్క్విన్ రాజులిద్దరి పేరూ లూసియస్, నేయస్ కాదు. పైగా ఆ చిత్రం క్రీ.పూ. 4వ శతాబ్దానిది. అయినా కొట్టిపారేయలేం: వేయీ గుడిలో దొరికిన 6వ శతాబ్దపు నల్లమట్టి పాత్ర మీద 'అవిలె విపియెన్నస్' అని ఉంది. కథలో కేలియస్ సోదరుడు ఆలస్ విబెన్నా పేరుకు ఎట్రుస్కన్ రూపం అదే.